దొంగను కొడుకనుకున్న మధ్యాహ్నం

సినిమా చూడటం కంటే సినిమా చెప్పటం నాకు ముందు వచ్చింది. మా ఊరు చల్లపల్లి దాటాక కాలవ గట్టున ఉంటుంది. నాట్లు పడితే మా పేటలో ఆడవాళ్లు పదిహేను మంది ఒక ముఠాగా పొలాల్లో దిగేవాళ్లు. అందరికీ సినిమాకు పోయే వీలు ఎక్కడుంటుంది? అందుకని నేను పుట్టకముందు నుంచే వాళ్లొక పద్ధతి పెట్టుకున్నారు. ముఠాలో ఒకరు వెళ్లి సినిమా చూసి వస్తారు. మర్నాడు నాట్లలో ఆ కథ మొదటినుంచి చివరిదాకా చెప్పాలి. చెప్పే మనిషి నడుం వంచక్కర్లేదు. గట్టెక్కి నిలబడి చెప్పొచ్చు. ఆవిడ నాటాల్సిన వరసను మునుం అంటాం. ఆ మునుం మిగతావాళ్లు పంచుకుని వేసేస్తారు.

మా అమ్మ ఆ ముఠాకు కథ చెప్పే మనిషి. నేను మూడో తరగతిలో బడి మానేసి ఆవిడ వెనకే పొలంలో దిగాను. అమ్మ చెప్పిన సినిమాలు నేను పిల్లలకు మళ్లీ చెప్పేదాన్ని. ఆ సినిమాలు ఇప్పుడు టీవీలో వస్తే చూస్తుంటాను గానీ, అమ్మ చెప్పినంత బాగుండవు. అమ్మ పోయాక ఆ గట్టు మీద చోటు నాకిచ్చారు. ఆ చోటుతో పాటు తమ్ముణ్ణి కూడా నాకే అప్పజెప్పినట్టయింది. వాడు నాకంటే పదేళ్లు చిన్న.

మా పొలాల్లో మనిషిని ముఖం చూసి గుర్తుపట్టటం తక్కువ. ముఖం కనిపించేంత దగ్గరికి వచ్చేసరికి పలకరింపే అయిపోతుంది. దూరాన గట్టు మీద ఎవరన్నా వస్తుంటే తలగుడ్డ చూసి చెప్పేస్తాం. ఫలానా ఆయన తువ్వాలు చెవుల మీదికి దించి చుడతాడు, ఫలానా ఆయన చివర వెనక్కి వదిలేస్తాడు, ఇంకొకాయన కట్టేది పసుపు గళ్లది. నేనీ లెక్క తప్పటం ఎవరూ చూడలేదు. ఈ గొప్ప ఎందుకు చెప్పుకుంటున్నానంటే, ఆ అలవాటే ఆమధ్య పదిమందిలో నా పరువు తీసింది.

ఇప్పుడు మేముండేది విజయవాడలో. మా ఆయనకు పునుగుల బండి ఉంది, చర్చి పక్క హాలుకు ఎదురుగా. పిండి రుబ్బేది నేను, వేసేది ఆయన, కబుర్లు చెప్పేది కూడా నేనే. ఆ హాల్లో రెండో శనివారం మధ్యాహ్నం మూడింటికి పాత సినిమా వేస్తారు. వేసేది కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన లెక్చరర్ గారు. ఆయనకు మాటల్లేని సినిమాలంటే ప్రాణం. బొమ్మ కదులుతుంది గానీ మాట వినపడదు. నడుమ నడుమ నల్ల పలక మీద తెల్ల అక్షరాలతో ఇంగ్లీషులో రాసి చూపిస్తారు. ఆయన పక్కన నిలబడి దాన్ని తెలుగులో చదువుతారు. కుట్టుమిషన్ నేర్చుకునే ఆడపిల్లలు, మందిరానికి, అంటే ఆ చర్చికే, వచ్చే పెద్దవాళ్లు, మా సందులో అన్ని కులాల వాళ్లూ వస్తారు. సినిమాకు సగం మంది, హాల్లో చల్లటి ఫ్యాన్లకు సగం మంది.

మా తమ్ముడికి నలభై దాటాయి. ఇబ్రహీంపట్నంలో లారీ టైర్లకు పంక్చర్లు వేసే షాపు నడుపుతాడు. పెళ్లి చేసుకోలేదు. నేనెన్ని సంబంధాలు చూసినా తల ఊపి ఊరుకునేవాడు. అలాంటివాడు నిరుడు ఒకరోజు మా ఇంటికొచ్చి, పునుగుల పిండి దగ్గర కూర్చుని, "అక్కా, మైలవరంలో ఒకావిడ ఉంది," అన్నాడు. ఆవిడ అక్కడి ఆసుపత్రిలో నర్సు. భర్త పోయి ఆరేళ్లు. షాపు ముందు స్కూటీ ఆగిపోతే వీడు బాగు చేశాడట. తర్వాత ఆ స్కూటీ బాగున్నా షాపు ముందు ఆగటం మొదలుపెట్టిందట.

ఆవిడకు తండ్రి ఒక్కరే. ఒకప్పుడు సంతలన్నీ తిరిగి ఎడ్ల బేరాలు చేసిన మనిషి, ఇప్పుడు మామిడితోట చూసుకుంటున్నారు. కూతురు సరేనంది, తండ్రి సరేననాలి. ఆ పెద్దాయన రెండో శనివారమే మా ఇంటికి భోజనానికి వస్తానని కబురు పెట్టారు.

ఆ పొద్దున తమ్ముడు తెల్లచొక్కా వేసుకుని వచ్చి నిలబడ్డాడు. ముఖంలో కళ లేదు.

"అక్కా, ఇవాళ ఆయనకు చెప్పేస్తాను," అన్నాడు.

"ఏంటి చెప్పేది?"

"నీకు తెలీదా ఏంటి చెప్పేదో! ఆవిడకు ఎప్పుడో చెప్పాను. వాళ్ల నాన్నకు తను చెప్తానంది. నేనే వద్దన్నాను, నా నోటితో నేను చెప్పుకుంటానని."

"చూడరా, నోరు మూసుకుని కూర్చో. ముందు ప్రధానం జరగనీ, మాట ఖాయం కానీ. ఆ తర్వాత నిదానంగా చెప్పొచ్చు."

"ప్రధానం అయ్యాక చెప్తే మోసం కాదా?"

"మోసమైతే నాది. పో, వెళ్లి అరిటాకులు పట్రా."

వాడు ఆకులు తేవడానికి వెళ్లాడు. అక్క మాట ఎప్పుడూ దాటనివాడు. ఒక్కసారి దాటాడు. ఆ ఒక్కసారే ఈ కథ.

పంతొమ్మిదో ఏట నేను వద్దంటున్నా బెజవాడ వచ్చాడు, డ్రైవింగ్ నేర్చుకుంటానని. నేర్చుకున్నాడు. జీపు ఇచ్చింది మాత్రం మంచివాళ్లు కాదు. మార్కెట్ దగ్గర లారీలు ఆపి మామూళ్లు గుంజే గుంపు అది. వాడు ఎవర్నీ కొట్టలేదనే చెప్తాడు, నేనూ నమ్ముతాను. కాకపోతే కొట్టేవాళ్లను జీపులో తీసుకెళ్లింది వాడే, పక్కన నిలబడిందీ వాడే. రెండేళ్లు అలా గడిచాయి. ఒకరోజు మధ్యాహ్నం చెప్పులు కూడా లేకుండా ఊళ్లో మా గుమ్మంలో నిలబడ్డాడు. ఏమైందని నేను అడగలేదు. కంచం పెట్టాను. తిన్నాడు. తినేటప్పుడు మొదటి ముద్ద నోటిదాకా తెచ్చి ఆపాడు. రెండో ముద్దకే చెప్పేశాడు, ఇంక వెళ్లనని.

వాళ్లు ఊరుకుంటారా? వాడికి వాళ్ల సంగతులన్నీ తెలుసాయె. నాలుగో రోజు పొద్దున ఇద్దరు మోటారు సైకిలు మీద పొలంగట్టు దాకా వచ్చారు. నేను అదే గట్టు మీద నిలబడి ముఠాకు సినిమా చెప్తున్నాను. తమ్ముడు నా మునుం వేస్తున్నాడు. మా ఆయన పాత బనీను, నెత్తిన నా నీలి చారల తువ్వాలు ఆడవాళ్లు చుట్టినట్టే చుట్టుకుని, పదిహేను మంది మధ్య వంగి ఉన్నాడు.

"ఎర్రగళ్ల చొక్కా వేసుకున్నోడు, పొడుగ్గా ఉంటాడు, ఇటేమన్నా వచ్చాడా?" అని అడిగాడు బండి నడిపేవాడు.

"చొక్కాల సంగతి మాకెట్టా తెలుసు నాయనా? మాకు తలగుడ్డలే తెలుసు," అంది ముఠాలో పెద్దావిడ, వంచిన నడుం ఎత్తకుండా.

నేను కథ ఆపితే అనుమానం వస్తుంది. చెప్పబోతే తర్వాతేం జరిగిందో గుర్తు రావటం లేదు. హీరోయిన్ చేత మంచినీళ్లు తాగించాను. ఇంకా గుర్తు రాలేదు. మళ్లీ తాగించాను. మూడోసారి తాగించేసరికి వెనక కూర్చున్నవాడు బండి దిగి, గట్టు మీద గొంతుకూర్చుని, "తర్వాతేమైంది?" అన్నాడు. దేవుడా, వీడికి కథ కూడా కావాలా అనుకున్నాను. ఏదో కల్పించి ఆవిడ పెళ్లిదాకా తెచ్చి వదిలాను. వాడు తృప్తిగా లేచాడు. ఇద్దరూ వెళ్లిపోయారు. వాళ్లు చొక్కా కోసం చూశారు, మనిషిని చూడలేదు. ఇంకో సంగతి కూడా కలిసొచ్చింది. చిన్నప్పుడు గేదె తొక్కి మావాడు ఎడమ కాలు కాస్త బయటికి విసిరి నడుస్తాడు. నాటే బురదలో ఎవరి నడకా తెలియదు కదా. ఆ గుంపు తర్వాత వాళ్లలో వాళ్లు కొట్టుకుని చెదిరిపోయింది. మావాడు చేపల చెరువుల మీద కాపలా పని చేసి, ఆ తర్వాత టైర్ల పని నేర్చుకున్నాడు.

ఇదీ ఆ పెద్దాయనకు చెప్పకూడదని నేను దాచిన సంగతి.

పెద్దాయన పన్నెండింటికి బస్సు దిగి వచ్చారు. పంచె, చేతికర్ర, మోచేతి దాకా మడిచిన చొక్కా. "వందనాలమ్మా," అని లోపలికి వచ్చి, ఇల్లు చూడలేదు, వాకిలి చూడలేదు, నేరుగా విస్తరి ముందు కూర్చున్నారు. నర్సమ్మాయి డ్యూటీ ఉందని రాలేదు. నేను గోంగూర వడ్డిస్తూ మావాడి మంచితనం చెబుతూనే ఉన్నాను. ఆయన ఊ కొడుతున్నారు. తమ్ముడు నీళ్ల చెంబు తేవడానికి లేచి వెళ్తుంటే ఆయన చూపు వాడి పాదాల మీద ఆగింది. కాళ్లకు మట్టేమన్నా అంటిందేమో అనుకున్నాను.

"బెజవాడలో ఎప్పుడన్నా పని చేశావా అబ్బాయ్?" అని అడిగారు.

వాడు నోరు తెరిచాడు. నేను వాడికంటే ముందు తెరిచాను. "ఎక్కడండి, చిన్నప్పటినుంచి చేపల చెరువులు, ఆ తర్వాత ఇబ్రహీంపట్నమే. మజ్జిగ పోయమంటారా?"

"పొయ్యమ్మా," అన్నారు. ఆ తర్వాత పెళ్లి ఊసే ఎత్తలేదు. తమ్ముడు నా వంక చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

చేతులు కడుక్కుంటుండగా లెక్చరర్ గారు గుమ్మంలోకి వచ్చారు. మెడకు మఫ్లరు. నోరు తెరిస్తే గాలి తప్ప మాట లేదు. జలుబు చేసి గొంతు పూర్తిగా పోయిందట. చెవి దగ్గర పెట్టి వింటే తెలిసింది, ఈ పూట సినిమా నేను చెప్పాలట.

"నేనా? నాకు ఇంగ్లీషు ఎక్కడొచ్చండి!"

ఆయన గుసగుసగా కథ సగం చెప్పారు. ఒక మంచివాడు, గుమాస్తా. ఒక దొంగల నాయకుడు. ఇద్దరూ అచ్చు ఒకే పోలిక. గుమాస్తాకు గుండ్రటి గట్టి టోపీ. దొంగకు ముందుకు చిన్న చూరున్న మెత్త టోపీ. దొంగల స్థావరంలో జేబులు కొట్టే ఒక పిల్ల, అందులోంచి పారిపోవాలని చూస్తుంటుంది. అంతవరకు వచ్చేసరికి ఆయనకు దగ్గు ముంచుకొచ్చింది. మిగతాది బొమ్మ చూస్తే అదే తెలుస్తుందని చేత్తో చూపించారు.

టోపీలు చెప్పారు కదా, నాకింకేం కావాలి?

"సినిమా అయితే నేనూ వస్తాను," అన్నారు పెద్దాయన కర్ర తీసుకుంటూ.

హాలు నిండింది. కిటికీలకు దుప్పట్లు కట్టారు. నేను తెర పక్కన నిలబడ్డాను. గట్టు మీద నిలబడ్డట్టే ఉంది, బురద వాసన ఒక్కటే లేదు. మొదలుపెట్టాను. ఆ దొరల పేర్లు నా నోట పలకవు కాబట్టి గుమాస్తాను 'మనోడు' అన్నాను, దొంగను 'మాయదారోడు' అన్నాను, జేబులు కొట్టే పిల్లను 'చిట్టితల్లి' అన్నాను. నల్ల పలక పడినప్పుడల్లా నాకు తోచిన మాటలు చెప్పాను. గుమాస్తా ముసలి తల్లి కొడుకు కోటుకు గుండీ కుడుతుంటే, "నాయనా, పెందలాడే రా, చారు వేడిగా ఉండగా తాగుదువు గాని," అన్నాను. ఆడవాళ్లు నవ్వారు. చాలా బాగా నడుస్తోంది.

ఒక వానరోజు పోలీసులు మనోణ్ణి చూసి దొంగనుకుని వెంటపడ్డారు. వాడు పారిపోయి ఒక సారాకొట్టు కింద నేలమాళిగలోకి దిగాడు. అదే దొంగల స్థావరం! అక్కడున్నవాళ్లు వీణ్ణి చూసి నాయకుడొచ్చాడని లేచి నిలబడ్డారు. అంతలో అసలు నాయకుడు దిగాడు. మెట్ల మీద ఇద్దరూ ఎదురుపడ్డారు. పెనుగులాట. దీపం ఆరిపోయింది. మెట్ల మీద ఏదో దొర్లింది. పలక పడింది. "ఒరేయ్, నా ముఖం నీకెక్కడిదిరా!" అన్నాను నేను. హాలంతా చప్పట్లు.

దీపం వెలిగేసరికి ఒకణ్ణి పోలీసులు పట్టుకుపోతున్నారు, మెత్త టోపీ వాణ్ణి. రెండోవాడు గుండ్రటి టోపీ పెట్టుకుని వానలో పరిగెత్తుతున్నాడు. "హమ్మయ్య, మాయదారోడు దొరికాడు. మనోడు ఇంటికి పోతున్నాడు," అని చెప్పాను.

లెక్చరర్ గారు ప్రొజెక్టరు వెనకనుంచి చేతులు ఊపారు. దోమలేమో అనుకున్నాను. ఇంకా గట్టిగా ఊపారు. తొందరగా చెప్పమంటున్నారేమోనని ఇంకాస్త వేగం పెంచాను.

మనోడు ఇంటికి వెళ్లాడు. తల్లికి చూపు సరిగా ఆనదు. వాడి తడి తల తుడిచింది. కూర్చోబెట్టి గిన్నెలో చారు పోసింది. వాడు చెంచా ఎత్తాడు. ఎత్తినవాడు నోటిదాకా తీసుకెళ్లలేక ఆపాడు. నాకు ఎందుకో ఆనాటి తమ్ముడి కంచం గుర్తొచ్చింది. "తిను నాయనా. ఏమీ అడగను. తిను," అన్నాను. హాల్లో ముక్కులు చీదుతున్నారు.

అప్పుడు మూడో వరసలోంచి పెద్దాయన కర్ర నేలకు తాటించారు.

"అమ్మాయ్, వాడు కొడుకు కాదు."

"ఏంటండి?"

"వాడు దొంగ. చీకట్లో టోపీలు మారినయ్. నువ్వు టోపీ చూస్తున్నావు, నేను నడక చూశాను. కొడుకు మడమ మీద నడుస్తాడు, దొంగ మునివేళ్ల మీద నడుస్తాడు. వానలో ఉరికినోడు మునివేళ్ల మీదే ఉరికాడు. ముప్పై ఏళ్లు సంతల్లో ఎడ్ల నడక చూసినోణ్ణి. కొమ్ములకు రంగేసి తెచ్చినా నడక దాగదు."

లెక్చరర్ గారు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టారు, ఇంతసేపూ నేనూ అదే చెప్తున్నానన్నట్టు. బొమ్మ ఆపేశారు. తెర మీద ఆ మనిషి చెంచా పట్టుకుని ఆగిపోయాడు.

ఇన్నేళ్లు కథలు చెప్పాను, మనిషి తప్పింది లేదు. బొంకి సర్దుకోవచ్చు. హీరోయిన్ చేత మూడుసార్లు నీళ్లు తాగించినదాన్ని, ఇదొక లెక్కా? కానీ ఆ పెద్దాయన నన్నే చూస్తున్నారు. ఆయన వెనక వరసలో మా తమ్ముడు నన్నే చూస్తున్నాడు.

"మన్నించండి," అన్నాను. "తప్పు చెప్పాను. ఇందాకటినుంచి కొడుకు అన్నవాడు కొడుకు కాదు, మాయదారోడే. అసలు కొడుకు పోలీసుల దగ్గరున్నాడు."

ముందు వరసలో పళ్లు లేని మామ్మ ఒకావిడ ఒప్పుకోలేదు. "అదేంటే! వాడికి చారు పోశాం, తల తుడిచాం. అంతా అయ్యాక ఇప్పుడు కాదంటే ఎట్టా?"

"కాదు మామ్మా, వాడు దొంగ."

"అయితే ఏంటంట? తాగనీ. సగంలో గిన్నె లాక్కుంటామా?"

హాలంతా నవ్వింది. లెక్చరర్ గారు కళ్లు తుడుచుకుని మళ్లీ బొమ్మ కదిలించారు. దొంగ ఆ చారు తాగాడు. తాగి, గిన్నె కడిగి బోర్లించి, గుండ్రటి టోపీ బల్ల మీద పెట్టి, ముసలామె దుప్పటి సర్ది, ఉత్త తలతో పోలీసు ఠాణాకు నడిచాడు. ఈసారి నేనూ కాళ్లే చూశాను. మునివేళ్ల మీద నడిచేవాడే. లోపలికి వెళ్లి నేనే ఆ దొంగనని ఒప్పుకున్నాడు. కొడుకు విడుదలై ఇంటికి వచ్చాడు. చిట్టితల్లి ఆ గొడవలో స్థావరం వదిలిపెట్టి, దొంగ తిరిగి వచ్చేదాకా ముసలామె ఇంట్లో ఉండిపోయింది. ఆఖరి పలకకు నేను మాటలు కల్పించలేదు. లెక్చరర్ గారు ఒక కాగితం మీద తెలుగులో రాసి ఇస్తే, కూడబలుక్కుని చదివాను.

అందరూ బయటికి వచ్చి మా ఆయన బండి చుట్టూ మూగారు. పెద్దాయన హాలు అరుగు మీద కూర్చున్నారు. నేను పునుగులు, అల్లం పచ్చడి పొట్లం కట్టి తీసుకెళ్లాను. తమ్ముడు టీ తెచ్చాడు. ఆయన ఒక పునుగు నోట్లో వేసుకుని, "బాగా చెప్పావమ్మా. తప్పు చెప్పినా బాగా చెప్పావు. ఒప్పుకుని చెప్పింది ఇంకా బాగుంది," అన్నారు.

ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పటికీ చెప్పలేననిపించింది.

"బాబాయి గారూ, సినిమాలో తప్పే కాదు. మధ్యాహ్నం భోజనం దగ్గర కూడా తప్పు చెప్పాను. మావాడు బెజవాడలో..."

"అక్కా, నువ్వాగు," అన్నాడు తమ్ముడు. టీ గ్లాసు అరుగు మీద పెట్టి ఆయన ముందు నిలబడ్డాడు. "నేను రెండేళ్లు ఇక్కడి గుంపులో ఉన్నానండి. జీపు నడిపాను. మార్కెట్ దగ్గర లారీలు ఆపేవాళ్లం. మీ అమ్మాయికి తెలుసు. మీకు ముందే చెప్పాల్సింది."

పెద్దాయన ఇంకో పునుగు తీసుకున్నారు. తీరిగ్గా నమిలారు.

"మామిడికాయల లారీ ఒకటి గుర్తుందా?" అన్నారు. "వేసవి. టార్పాలిన్ నీలం రంగుది. లారీ తాళాలు గుంజుకుపోయి, మధ్యాహ్నం దాకా మమ్మల్ని ఎండలో కూర్చోబెట్టారు."

తమ్ముడు తల దించుకున్నాడు. "లారీలు చాలా ఆపామండి. ఏ ఒక్కటో గుర్తు లేదు."

"తాళాలు తీసుకెళ్లినోడు ఎడమ కాలు బయటికి విసిరి నడిచాడు. ముఖానికి రుమాలు కట్టుకున్నాడు. ముఖం ఎవడిక్కావాలి? ఇందాక అన్నాల దగ్గర నువ్వు చెంబు తేవడానికి లేచావు చూడు, అప్పుడే తెలిసింది నాకు. అప్పటినుంచి చూస్తున్నా, వీళ్లలో ఎవరు చెప్తారా అని. ఎవరూ చెప్పకపోతే టీ తాగి బస్సెక్కేసేవాణ్ణి."

నేను అరుగు మీద కూలబడ్డాను. నేను మజ్జిగ పోస్తూ బొంకినప్పుడు ఆయన 'పొయ్యమ్మా' అన్నారు కదా, ఆ మాట అప్పుడు చెవిలో మళ్లీ వినపడింది.

"మా లారీలోంచి రెండు బుట్టలు దింపుకున్నారు," అన్నారు ఆయన మళ్లీ. "నువ్వూ తిన్నావా?"

"తిన్నానండి."

"ఎట్టా ఉన్నయ్?"

తమ్ముడు నా వంక చూశాడు. నేను వాడికి ఏ సైగా చెయ్యలేదు. నిజం చెప్తున్నాను, చెయ్యాలనిపించింది కూడా, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఆపుకున్నాను. ఆయన మళ్లీ అడిగారు, "చెప్పు. మొహమాటం లేదు."

"చాలా తియ్యగా ఉన్నాయండి," అన్నాడు.

పెద్దాయన కర్ర మీద గడ్డం ఆనించి నవ్వటం మొదలుపెట్టారు. నవ్వుతూ నవ్వుతూ దగ్గొచ్చింది. "ఉండవు మరి! మా తోటవి! కంఠం కిందికి దిగలేదండి, పశ్చాత్తాపపడ్డానండి అంటావేమో అనుకున్నా. అట్టా అంటే పిల్లనిచ్చేవాణ్ణి కాదు."

మా ఆయన బండి దగ్గరనుంచి, "ఏంటి, ఖాయమేనా? ఇంకో వాయి వెయ్యనా?" అని కేకేశాడు.

"వెయ్యవయ్యా," అన్నారు పెద్దాయన. ఆ వాయి హాలుకు వచ్చిన వాళ్లందరికీ ఉచితంగా పంచాం. పళ్లు లేని మామ్మ రెండు మెత్తటివి ఏరుకుని, "దొంగోడు తాగాడా చారు?" అని అడిగింది. ఆఖర్లో నిద్రపోయిందట. తాగాడని చెప్పాను.

ప్రధానం మైలవరంలో జరిగింది, పెళ్లి మా మందిరంలో. నర్సమ్మాయి నన్ను వదినా అని పిలిచేటప్పుడు కాస్త వెటకారం కలుపుతుంది, ఆ మజ్జిగ సంగతి వాళ్ల నాన్న చెప్పేశారు కాబట్టి. మా ఇంటికి ఎప్పుడొచ్చినా, "వదినా, మజ్జిగ ఉందా, ఏమన్నా దాచిపెట్టావా?" అంటుంది. నేను పడతాను. పడాల్సిందే.

లెక్చరర్ గారికి గొంతు వచ్చింది. అయినా హాల్లో పలక ఆయన చదువుతారు, కథ నేను చెప్తాను. ఇప్పుడు బొమ్మ మొదలవగానే ముందు అందరి కాళ్లూ చూసుకుంటాను.

ఈ వేసవి ఒకరోజు బండి దగ్గర ఉల్లిపాయలు తరుగుతుంటే సందు చివర ఒక మనిషి వస్తూ కనిపించాడు. నెత్తిన మామిడికాయల బుట్ట, బుట్ట మీద గోనెపట్టా ముఖం దాకా వేలాడుతోంది. కొత్త చొక్కా, నేనెప్పుడూ చూడనిది.

"ఎవరే అది?" అన్నాడు మా ఆయన కళ్లు చికిలించి.

ఎడమ కాలు బయటికి పడుతోంది.

"తమ్ముడు," అన్నాను. "బుట్ట దింపుకోవడానికి వెళ్లవయ్యా. ఈసారివి వాళ్ల మామగారు ఇచ్చినవే."